నాలుగు నిమిషాలకోసారి చచ్చే కంప్యూటర్

పోయిన వారం నన్నెక్కడ వదిలేశారో గుర్తుందా మీకు? రొయ్యల చెరువు గట్టు మీద, స్కూటీ తాళం లేకుండా. ఇంకా అక్కడే ఉన్నాను. కదల్లేదు. కదలనిస్తే కదా!

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు బేబీ. ముద్దుపేరు కాదు, ఆధార్ కార్డులోనూ అదే. పాలకొల్లు బస్టాండ్ వెనకాల నాకో చిన్న షాపుంది. రొయ్యల చెరువులకి కంప్యూటర్లు బిగిస్తాను. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెబుతుంది, దాన్ని చూసుకుని కంప్యూటర్, నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లని తిప్పుతుంది. సత్యనారాయణరాజు గారికి ఈ గట్టునున్న ఆరు చెరువులకీ కలిపి పెట్టిన పెట్టె నాదే. ఆ పెట్టె నిన్న పొద్దుటి నుంచీ నాలుగు నిమిషాలకోసారి తనంతట తనే ఆగిపోయి మళ్ళీ లేస్తోంది. అది ఆగినప్పుడల్లా ఏరియేటర్లన్నీ ఆగుతున్నాయి. నిన్న ఎండ కాసింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ ముసురు పట్టింది, ఆకు కదలడం లేదు. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, ఇంకా నాలుగు రోజులుంది. ఇలాంటి పూట నీళ్ళు తిరగకపోతే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. తేలిందంటే పంట పోయినట్టే.

పొద్దున్న ఏడింటికి నేను గట్టెక్కగానే రాజుగారు ఎదురొచ్చి, ఎంతో మర్యాదగా నా చేతిలోంచి తాళం అందుకుని జేబులో వేసుకున్నారు. "బాగుచేసి వెళ్దురుగాని అమ్మా, తొందరేముందండి?" అన్నారు. నా ఫోన్ స్కూటీ డిక్కీలోనే ఉండిపోయింది.

ఇప్పుడు పదకొండు. ఈ నాలుగు గంటల్లో నాకు ఇడ్లీ పెట్టారు, పెసరట్టు పెట్టారు, మూడుసార్లు కాఫీ, ఒక కొబ్బరి బొండాం. రాజుగారి భార్య అలివేలుమంగ గారు ఇంటి నుంచి క్యారేజీ మీద క్యారేజీ పంపిస్తున్నారు. మా గోదావరి మర్యాద నాకు కొత్తా? అడుగుపెట్టిన మనిషిని తినకుండా పంపరు. కానీ తిన్నాక కూడా పంపని మర్యాద ఇదే చూడ్డం. ఒళ్ళు మండిపోతోంది, నోట్లో మాత్రం పెసరట్టు ఉంది. ఏమని తిడతాను?

గేటు దగ్గర కాపలా ఎవరంటారా? మా మావయ్య. మా అమ్మకి సొంత తమ్ముడు, బుల్లియ్య. ఒకప్పుడు సముద్రం మీద వేట. ఆ సముద్రమే ముందుకొచ్చి ఇల్లు లాక్కుపోయాక ఇటొచ్చి రాజుగారి చెరువుల మీద చేరాడు. పద్దెనిమిదేళ్ళయింది. చెరువు గట్టు మీద మకాం ఉంది కదా, ఆ రేకుల షెడ్డు వెనకున్న రెండు గదులే ఆయనకీ మా అత్తకీ కొంప. రాజుగారు వెళ్ళమంటే వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

"గేటు తియ్యి మావయ్యా, షాపుకెళ్ళి ఇంకో బోర్డు తెచ్చుకుంటాను," అన్నాను తొమ్మిదింటికి.

"రాజుగారు తీయొద్దన్నారే బేబమ్మా," అన్నాడు, నా మొహం చూడకుండా. "ఇంకో కాఫీ తాగుతావా?"

చూశారా, ఈయన కూడా!

సరే, లోపలికొచ్చి మళ్ళీ పెట్టె ముందు కూర్చున్నాను. అసలీ గొడవంతా ఒక కాపలా గడియారం దగ్గర ఉంది. వాచ్‌డాగ్ అంటారు దాన్ని. కంప్యూటర్ బోర్డు మీదే ఉంటుంది. లోపల నడిచే ప్రోగ్రామ్ నాలుగు నిమిషాల్లోపు ఒక్కసారైనా దాన్ని పలకరించాలి, "ఉన్నానండి, బతికే ఉన్నాను" అని. పలకరిస్తే గడియారం మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. పలకరించకపోతే ప్రోగ్రామ్ ఎక్కడో బిగుసుకుపోయిందనుకుని కంప్యూటర్‌ని ఆపి లేపుతుంది. గట్టు మీద పెట్టె బిగుసుకుపోతే లేపేవాళ్ళెవరు? అందుకే పెట్టాను. ఆ పలకరింపుని గడియారం దాకా మోసుకెళ్ళేది, కంప్యూటర్‌ని నడిపించే లినక్స్‌లో ఉండే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్. పొద్దుటి నుంచీ నా అనుమానమంతా ఆ డ్రైవర్ మీదే.

ముందు దాన్ని ఆపేద్దామని చూశాను. ఆగలేదు. ఎందుకాగుతుంది? మొదలయ్యాక ఎవరూ ఆపడానికి వీల్లేకుండా నేనే కదా సెట్ చేశాను, చెరువు మనుషులు ఎవరైనా కెలుకుతారేమోనని. ఆ ఆప్షన్ పేరు 'నో వే అవుట్'. ఒట్టు, దాని పేరే అది! అప్పుడు ఎంత తెలివైన పని చేశాననుకున్నానో. ఇవాళ స్క్రీన్ మీద "వాచ్‌డాగ్ ఆగలేదు" అన్న లైను చూసి, నాలుగు నిమిషాలు అలా కూర్చుని, అది నా కళ్ళముందే చచ్చి లేవడం చూశాను.

తర్వాత డ్రైవర్‌నే తీసి పక్కన పెట్టాను. అయినా చచ్చింది. కరెంటు రాగానే బోర్డు తనంతట తనే గడియారం మొదలెట్టేస్తోంది. డ్రైవర్ లేకపోతే దాన్ని పలకరించడానికి దారే లేదు. బోర్డు సెట్టింగుల్లోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ అడుగుతోంది, అది తెలిసిన కంపెనీ మూతపడి ఏడాదైంది. ఇక చేత్తో ఏరియేటర్లు వేద్దామంటే పాత స్టార్టర్లన్నీ ఊడబెరికి అవతలి చెరువులకి పెట్టించేశారు రాజుగారు, నేను వద్దన్నా వినకుండా. ఎలక్ట్రీషియన్ తిరుపతి వెళ్ళాడు. అంటే ఆ గడియారం నన్నూ రాజుగారినీ రొయ్యల్నీ కలిపి ఒకే గదిలో పెట్టి తాళం వేసింది.

పెట్టె లేవడానికి నలభై సెకన్లు. లేవగానే ముందు మోటార్లని ఒక్కొక్కటిగా వేస్తుంది. అన్నీ అందుకునేసరికి రెండు నిమిషాలు. ఇంకాసేపు తిరగగానే మళ్ళీ దభీమని ఆగిపోవడం. ఇలా ఆగి ఆగి పొద్దుటికే రెండు మోటార్లు కాలిపోయాయి. నేను ఏం చూడాలన్నా ఆ కాసేపట్లోనే చూడాలి. టైప్ చేస్తుంటే మధ్యలో స్క్రీన్ నల్లబడుతుంది. ఏడుపొచ్చింది నాకు, నిజంగా. రాజుగారు వస్తున్న చెప్పుల చప్పుడు విని కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, తెల్లటి లుంగీ, గొంతు ఎప్పుడూ పెంచరు. పెంచితే బావుండునని నాకెన్నోసార్లు అనిపించింది.

"ఒక్క మాట చెప్పండమ్మా. ఇది యంత్రం తప్పా, మనిషి తప్పా అండి?"

"ఇంకా తెలీలేదండి."

"తెలుసుకోండి. తొందరలేదు. మనిషి తప్పయితే, ఆ మనిషి ఎవడైనా సరే, సాయంత్రానికి వాడి సామాన్లు నా గట్టు మీద ఉండవు. యంత్రం తప్పయితే మీరు తెచ్చిన యంత్రమే కాబట్టి, పట్టుబడి అయ్యేదాకా మీరిక్కడే ఉండి చూసుకుంటారు. భయపడకమ్మా, ఆడపిల్లవి నిన్ను గట్టు మీద ఉంచుతామా? మా ఆవిడ మేడమీద గది సర్దిస్తోంది."

"మా ఇంట్లో కంగారు పడతారండి."

"మీ అమ్మగారికి బుల్లియ్య చేత చెప్పించానండి. మా దగ్గరున్నావంటే ఆవిడకి కంగారెందుకు?"

అయిపోయింది. మా అమ్మ కూడా ఈపాటికి సరేనని ఉంటుంది. ఇంత మర్యాదగా నన్ను మూసేస్తుంటే గట్టిగా అరవడానికి కూడా సందు దొరకలేదు.

ఆయన బయటికెళ్ళాక ఇక డ్రైవర్ని వదిలేశాను. వేరే వైపు నుంచి వద్దామనుకున్నాను. ఈ పెట్టె ఎప్పుడెప్పుడు చచ్చి లేచిందో లినక్స్ రాసిపెట్టుకుంటుంది. ఆ తేదీలు తీశాను. నిన్నా ఇవాళా కాక, రెండు నెలల్లో నాలుగుసార్లు. నాలుగుసార్లూ పొద్దున్నే మొదలై రెండు గంటల్లో దానంతటదే సర్దుకుంది. నాలుగుసార్లూ నేనొచ్చాను. ఒకసారి పవర్ సప్లై మార్చాను, రెండుసార్లు ఎర్తింగ్ చూశాను. నాలుగోసారి నేనొచ్చేసరికే బాగుంటే, నేనే బాగుచేశానని చెప్పుకున్నాను. సిగ్గుగానే ఉంది, కానీ మీ దగ్గర దాపరికమెందుకు.

గోడకి మేతల కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. తేదీలు చివరి నుంచి వెనక్కి దాంతో సరిచూశాను. పున్నమి. అమావాస్య. పున్నమి. అమావాస్య. ఇవాళ్టి గడిలోనూ నల్ల సున్నా ఉంది.

 బోర్డుకీ చిప్పుకీ అమావాస్య ఏంటండీ? వాటికి తిథులు తెలీవు. తిథులు చూసేది మనుషులు.

నా ప్రోగ్రామ్ తన పనిని ఎప్పటికప్పుడు రాసుకుంటుంది గానీ, అదంతా మెమరీలోనే ఉంచుకుంటుంది, పెట్టె ఆగితే తుడిచిపెట్టుకుపోతుంది. లాప్‌టాప్‌లో రెండు లైన్లు మార్చి, రాసే ప్రతి ముక్కా పెన్ డ్రైవ్‌లోకి వెళ్ళేలా చేసి, పెట్టె లేవగానే ఎక్కించాను. నాలుగు నిమిషాలు. చచ్చింది. పెన్ డ్రైవ్ పీకి చూశాను. ఒకటో చెరువు చదివింది, రెండు చదివింది, మూడు, నాలుగు. ఐదో చెరువు దగ్గర ఏమీ లేదు. ఐదో సెన్సర్ని అడిగి, జవాబు కోసం చూస్తూ అలా ఉండిపోయింది. ఆరూ చదివితేగానీ గడియారాన్ని పలకరించకూడదని రాసింది నేనే. అది జవాబు రాని చోట ఎన్నాళ్ళైనా నిలబడుతుంది. పాపం ఆ డ్రైవర్ తప్పు వీసమెత్తు లేదు. మోసుకెళ్ళడానికి దానికి పలకరింపే అందలేదు.

"కాళ్ళు పట్టేశాయండి, కాస్త నడిచొస్తాను," అని బయటున్న రాజుగారికి చెప్పి గట్టు మీద ఐదో చెరువు దాకా వెళ్ళాను.

సెన్సర్ నీళ్ళలో లేదు. గట్టు మీద పాతిన కర్రకి వేలాడుతోంది. వైరు చివర కనెక్టర్ విప్పి, తడి తగలకుండా పాలిథిన్ కవరు తొడిగి, కవరు మూతికి నైలాను దారంతో ముడి వేసి ఉంది. రెండు మెలికలు తిప్పి కొస లోపలికి దోపిన ముడి. వలకి సీసం గుళ్ళు కట్టేటప్పుడు వేసేది. చిన్నప్పుడు నా జడ రిబ్బన్లకి కూడా అదే ముడి వేసేవాడు మావయ్య, విప్పడం చేతకాక మా అమ్మ కత్తెరతో కోసేది.

కాళ్ళు నిజంగానే పట్టేశాయి నాకు. గట్టు మీదే కూర్చుండిపోయాను.

అర్థమైపోయింది. అమావాస్యకీ పున్నమికీ రొయ్య గుల్ల, అంటే పైపెంకు, విడుస్తుంది. ఆ రెండు రోజులూ ఒళ్ళు వెన్నలా ఉంటుంది, దేనికి తగిలినా గాయమే. అందుకని మావయ్య మేత చూసే ట్రేల దగ్గర్నుంచి కర్రల దాకా చెరువులో గట్టిదేదీ ఉంచడు, అన్నీ తీసి గట్టున పెడతాడు. మిగతా ఐదింట్లో సెన్సర్లు పైపు లోపల ఉంటాయి, వాటికి రొయ్య తగలదు. ఐదో దానికి పైపు చాల్లేదని విడిగా వేలాడదీశాను. మర్నాడు వస్తానన్నాను, రాలేదు. ఆయన దాన్ని విసిరికొట్టలేదు, కోసెయ్యలేదు. నా వస్తువని కవరు తొడిగి దాచాడు.

ఇది బిగించినప్పుడు రాజుగారికి గంటన్నర కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. స్క్రీన్ మీద బొమ్మలు వేసి చూపించాను. చెరువులో దిగే మనిషికి, మా సొంత మావయ్యకి, ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకెందుకులే అనుకున్నాను. ఆ మాట తల్చుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపించింది.

ఇప్పుడేం చెయ్యను? సెన్సర్ మళ్ళీ నీళ్ళలో వేస్తే అందరూ చూస్తారు, ఎవరు తీశారంటారు. నిజం చెబితే సాయంత్రానికి మావయ్యా అత్తా గిన్నెలూ చాపలూ రోడ్డు మీద. చెప్పకపోతే నేను మేడమీద గదిలో. దేవుడా, నాలుగు రోజులేగా!

వెనక్కొచ్చి, జవాబు రాని సెన్సర్ కోసం ఐదు సెకన్లు చూసి, దాన్ని వదిలేసి ముందుకెళ్ళేలా ప్రోగ్రామ్ మార్చాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని అది. ఎక్కించాను. మోటార్లు ఒక్కొక్కటిగా అందుకున్నాయి. నాలుగు నిమిషాలు అయింది. స్క్రీన్ వెలుగుతూనే ఉంది. ఎనిమిదైంది. పన్నెండైంది. కిటికీలోంచి చూస్తే ఆరు చెరువుల్లోనూ నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. లాప్‌టాప్ మూసి పక్కన పెట్టాను.

రాజుగారు వచ్చారు. ఆయన వెనకాలే మావయ్య, చేతిలో భోజనం క్యారేజీతో.

"అబ్బ! ఆగలేదండి!" అన్నారు రాజుగారు. మొహంలో పదేళ్ళు తగ్గాయి. కుర్చీలో కూర్చుని, నా కళ్ళలోకి చూసి, అదే మెత్తటి గొంతుతో అడిగారు. "ఇంతకీ ఏంటమ్మా కారణం?"

"నా తప్పండి. ప్రోగ్రామ్ రాయడంలో పొరపాటు చేశాను."

"మనిషి తప్పేం లేదా?"

"లేదండి. నాదే."

అబద్ధం కాదు కూడా. సగం నిజం. ఆయన స్క్రీన్ వైపు ఒకసారి చూశారు. తర్వాత నిట్టూర్చి, "సరేనమ్మా, ఒప్పుకున్నావు, అదే పదివేలు. కానీ నువ్వే అన్నావు కదా నీ యంత్రం తప్పని. పట్టుబడిదాకా ఉండాల్సిందే. మళ్ళీ ఆగితే నేనెక్కడ వెతుక్కోను?" అన్నారు. "బుల్లియ్యా, గేటు జాగ్రత్త."

నేను తలూపాను. ఊపిరి పీల్చుకున్నాను కూడా, పోనీలే, నా ఒక్కదానితో పోయింది కదా అని.

మావయ్య క్యారేజీ బల్ల మీద పెట్టాడు. మొహం కందగడ్డలా ఉంది. రాజుగారి ముందు నోరెత్తని మనిషి ఇవాళ నోరెత్తాడు.

"తప్పుగా అనుకోకండి రాజుగారండీ. పిల్లది పొరపాటు చేసే రకం కాదండి. దాని వస్తువు పాడయ్యే పని నేనూ చెయ్యలేదండి. నిన్న పొద్దున్నే, గుల్ల విడిచే రోజులని ట్రేలతో పాటు ఐదో చెరువులో ఆ వైరు కూడా తీసి, ఊడదీసి, కవరు కట్టి పెట్టానండి. ప్రతి అమావాస్యకీ పున్నమికీ కాసేపు అలాగే తీసి పెడతానండి. ఇవాళ ముసురు, గుల్ల త్వరగా గట్టిపడదని ఈసారి రెండో రోజూ ఉంచాను. కావాలంటే చూడండి, చుక్క తడి తగల్లేదు. అంత జాగ్రత్తగా చూసుకున్నానండి."

 రాజుగారు ఆయన్ని చూడలేదు. నన్ను చూస్తున్నారు.

"మీరు నాతో అబద్ధమాడారమ్మా," అన్నారు. మళ్ళీ మీరు అయిపోయాను.

మావయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మొహంలో ధీమా కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. "ఏంటే బేబమ్మా? ఏమైనా తప్పు చేశానా?"

నేను లేచి నిలబడ్డాను.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా బుల్లియ్యా?" అన్నారు రాజుగారు.

"ఆయ్, చెప్పానండి. మంచి మాటే కదండి. ఈసారి ముసురూ అమావాస్యా కలిసొచ్చేలా ఉన్నాయని, కాలువ పొడుగునా మకాంల వాళ్ళందరికీ నిన్న సాయంత్రం ఫోన్లు చేశానండి. పిల్ల వైర్లున్నాయి కదా, రొయ్యకి తగలకుండా పొద్దున్నే తీసి, జాగ్రత్తగా కట్టి పెట్టండిరా అని."

కాలువ పొడుగునా నావి పంతొమ్మిది పెట్టెలున్నాయి. అన్నింట్లోనూ అదే ప్రోగ్రామ్. అన్నింట్లోనూ నేను ఆపలేని అదే గడియారం. నా ఫోన్ డిక్కీలో ఎన్నిసార్లు మోగి ఉంటుందో!

రాజుగారి జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, ఒక్క క్షణం ఆగి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చారు. "మా బావగారండి, పెదబాబు. కారణం మీరే చెప్పండి."

"బావా, ఆ పాలకొల్లు పిల్ల నీ దగ్గరుందా?" అవతల గొంతు బొంగురుపోయి ఉంది. "పొద్దుటి నుంచీ ఫోనెత్తడం లేదు. నా మూడు చెరువుల్లోనూ ఏరియేటర్లు ఆగాగి తిరుగుతున్నాయి. పెద్ద చెరువులో రొయ్య తేలింది బావా. గట్టెంబడీ తెల్లగా తేలిపోయింది. ఇది ఎవరి వల్ల జరిగిందో నాకు తెలియాలి."

తన ఫోన్ల వల్లే ఇదంతా అని మావయ్యకి అప్పటికి అర్థమైంది. ఆయన మొహం చూస్తే తెలిసింది నాకు. క్యారేజీ పక్కకి జరిపి, నా వైపు చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇలా తే బేబమ్మా. నేను చెబుతాను."

నేను ఇవ్వలేదు. ఆయన చెయ్యి అలాగే చాపి ఉంది. అవతల పెదబాబు గారు "హలో, హలో" అంటూనే ఉన్నారు.